చిలుము తీసిన చెయ్యి

"నేనే తీసినా సార్. తప్పయిపాయ. మీ కాళ్ళు మొక్కుతా, బాబాకు చెప్పొద్దండి."

మతీన్ ఫోన్‌లో రహమత్బీ గొంతు అక్కడితో ఆగిపోయింది.

"విన్నవు గదా సుభాని భాయ్? ఇంకేం గావాలె? కేస్ ఖతం. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ కాంగనే పోలీసోళ్ళొస్తరు. ఆమెను అప్పజెప్తం. నీ రిపోర్టు నువ్వు రాసుకో," అన్నాడు మతీన్.

మహబూబ్ సుభాని చూపు తివాచీ మీద బార్లా తెరిచి ఉన్న సూట్‌కేసు మీద ఉంది. మతీన్ మనుషులు దాన్ని దులిపి దులిపి వెతికారు. రెండు దుప్పట్లు, ఖర్జూరం పొట్లాలు, సెంటు సీసాలు, చంటిపిల్ల గౌన్లు, వాటి మధ్యలో ఆడమనిషి లోపలి బట్టలు. మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లో అవన్నీ అలా పడి ఉంటే, వంటింటి గుమ్మంలో నిలబడ్డ రహమత్బీ ముఖం గోడవైపు తిప్పేసుకుంది.

సుభాని వంగి, ఒక దుప్పటి విప్పి వాటన్నిటి మీదా కప్పాడు. కప్పుతుంటే అతని చెవులు వేడెక్కాయి. ఎందుకంటే ఆ రికార్డింగును పొద్దున వాట్సాప్‌లో విని, వెంటనే ఆఫీసుకు ఫోన్ చేసి "పనిమనిషి ఒప్పేసుకుంది" అని చెప్పినవాడు తనే. అల్ ఖోబర్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టాలు విచారించడం అతని ఉద్యోగం. మనిషిని చూడకుండా మాట మాత్రం విని తీర్పు చెప్పడం ఆ ఉద్యోగంలో లేదు. ఆ మనిషి సొంత జిల్లా మనిషైతే అసలే లేదు.

"ముందు వస్తువు చూద్దాం," అన్నాడు.

వస్తువు నల్ల వెల్వెట్ ట్రేలో ఉంది. ఒకే పట్టీకి వరసగా కుట్టిన మూడు పాత సైనిక పతకాలు: ఒక జర్మన్ ఇనుప శిలువ, ఒక తుర్కీ నక్షత్రం, చివరగా ఒక ఇత్తడి బిళ్ళ. ఇంటి యజమాని, రహమత్బీ 'బాబా' అని పిలిచే ఇంజనీర్ రషీద్, వయసులో ఉండగా జర్మనీలో చదివి, అక్కడి కైజర్ల, అంటే పాత చక్రవర్తుల, కాలపు పతకాల పిచ్చి పట్టించుకుని వచ్చిన మనిషి. ముప్పై ఏళ్ళుగా వాటిని కొంటూ, వాటి పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతూ, ఆ రంగంలో పేరు తెచ్చుకున్నాడు. ఈ పట్టీ ఆయన కిరీటం. మొదటి ప్రపంచ యుద్ధంలో హిజాజ్ రైలుమార్గం దగ్గర పనిచేసిన ఒక జర్మన్ సార్జంటుదని ఆయనే తేల్చాడు. ఆ పరిశోధనకు మ్యూనిక్‌లో సన్మానం కూడా జరిగింది. రేపు ఒక జర్మన్ నిపుణుడు దీన్ని చూడడానికి వస్తున్నాడు. ఆయన సరేనంటే హుఫూఫ్‌లో పెద్ద ప్రదర్శన.

ఇంతలో మొన్న గురువారం రషీద్ ఊరినుంచి వచ్చి ట్రే చూసి, "ఇది నాది కాదు, ఎవరో మార్చేశారు" అన్నాడు. కొడుకు ఇన్సూరెన్స్‌కు ఒక ఫోను, సెక్యూరిటీ కంపెనీ నడిపే మతీన్‌కు ఒక ఫోను చేశాడు.

"నీకు నమ్మకం లేకుంటే జర చూడు," అంటూ మతీన్ కిటికీ తెరలు లాగి, లైట్లు ఆర్పి, చిన్న ఊదారంగు దీపం వెలిగించాడు. దాని కింద పతకాల రిబ్బన్లు తెల్లగా నీలంగా భగ్గుమన్నాయి. "కైజర్ జమానాల నూలు, పట్టు. అవి ఈ లైట్ కింద మెరవయ్. మెరిసేది కొత్త దారమే. అంటే ఇది నకిలీ. అసలుది మాయం. ఈ రూమ్ ఊడ్చేది ఎవరు? ఆమె. ఎల్లుండి ఇండియాకు పోయేది ఎవరు? ఆమెనే. దో ఔర్ దో చార్."

"ఆ దీపం ఒకసారి ఇలా ఇవ్వు."

సుభాని దీపం అందుకుని మతీన్ వైపే తిప్పాడు. అతని చొక్కా కాలరు, చేతి మడతలు, గుండీల పట్టీ అన్నీ నీలంగా వెలిగిపోయాయి.

"నీ చొక్కా నైలానా?"

"నైలాన్ ఏంది! ప్యూర్ కాటన్. నా షాదీ రోజుకు కుట్టించుకున్న."

"మరి ఎందుకు మెరుస్తోంది?"

మతీన్ తన చేతులు తను చూసుకున్నాడు. లైటు వేసి సుభానే చెప్పాడు. "బట్టలు తెల్లగా కనబడాలని సబ్బుపొడిలో ఒక మందు కలుపుతారు. అది పట్టిన బట్ట ఏదైనా ఈ దీపం కింద మెరుస్తుంది, నూరేళ్ళ కిందటిదైనా సరే. ఈ రిబ్బను కొత్తది కానక్కర్లేదు మతీన్ భాయ్, ఉతికింది అయితే చాలు."

"మెడల్ ఎవడన్నా ఉతుకుతడా?"

"అదే అడుగుదాం పద."

వంటింట్లో అలమర మీద అరబ్బుల కాఫీ, కావా పోసే ఇత్తడి కూజాలు వరసగా ఉన్నాయి. అద్దంలో చూసుకున్నట్టు ముఖం చూసుకోవచ్చు, అంత తళతళలాడుతున్నాయి. వాటి పక్కనే ప్లాస్టిక్ డబ్బాలో నల్లటి చింతపండు ఉంది. సుభాని రెండిటినీ చూసి, ఆ తర్వాతే రహమత్బీని చూశాడు. యాభై దాటిన మనిషి. తలమీది ముసుగు కళ్ళదాకా లాక్కుని నిలబడింది.

"అక్కా, మాది ముద్దనూరు. నువ్వు యాడనుంచి?"

"రాయచోటి పక్కన," అంది నేలకేసి చూస్తూ. "మనూరోళ్ళ ముందర ఇట్లా నిలబడాల్సొచ్చె. నా తలరాత అబ్బీ."

"పొద్దున ఈ సార్‌తో 'నేనే తీసినా' అన్నావంట. ఏం తీసినావు?"

ఆమె మొదటిసారి తలెత్తింది. ఈ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదని ఆ చూపే చెప్పింది.

"చిలుం."

"ఏందీ?" అన్నాడు మతీన్ గుమ్మంలోంచి.

"చిలుం సార్. ఆ ఇత్తడి బిళ్ళకు పచ్చంగా చిలుం పట్టిండె. జర్మనీ నుంచి దొరలొస్తాండారు, మజ్లిస్‌లో ఉండే ఇత్తడంతా మెరవాలని మామా, అదే బాబా పెండ్లాం, చెప్పింది. కూజాలు చింతపండేసి తోముతాంటి. ఆ పళ్ళెం మేజా మీదనే ఉండె, బాబా ఫోటోలు తీసుకుని హుఫూఫ్‌కు పోయిండె. కూజాలన్నీ మెరుస్తాంటే అదొక్కటే మాసిపోయి కనబడె. మనసొప్పలా. అది కూడా తోమేసినా. గుడ్డపట్టీకి పులుసు కారె. వాసనొస్తాదని సబ్బుపొడి నీళ్ళలో జాడించి ఆరేసినా."

"మరి పొద్దున ఇదంతా ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గయింది అబ్బీ. ఆ పళ్ళెం ముట్టుకోవద్దని బాబా నేను వచ్చిన రోజే చెప్పినాడు. పన్నెండేండ్లు ముట్టుకోలా. పోయేముందర ముట్టుకున్నా. ఈ సార్ వచ్చి 'నువ్వే గదా' అని గద్దిస్తే, అవును నేనే తీసినా అన్న్యా."

తెలుగులో తీయడానికి అంతూ పొంతూ ఉందా? తలుపు తీస్తారు, దిష్టి తీస్తారు, కూనిరాగం తీస్తారు, ప్రాణం తీస్తారు, నలుగురిలో పరువు తీస్తారు. ఏం తీశావని ఒక్కమాట అడక్కుండా మతీన్ ఆమె పరువు తీశాడు, సుభాని దాని మీద ఆఫీసు ముద్ర వేయించాడు. హైదరాబాదువాడు మతీన్ తొందరపడ్డాడంటే ఒక అర్థముంది. చిన్నప్పుడు తల్లి పండగ ముందు బిందెల చిలుము తీస్తుంటే పక్కన కూర్చుని నీళ్ళు పోసిన తనకి ఏమైంది? సుభానికి ఆమె ముఖంలోకి చూడడానికి ధైర్యం చాలలేదు.

"బానే ఉంది కహానీ," అన్నాడు మతీన్ మజ్లిస్‌లోకి వచ్చాక. కాని అతని గొంతులో పొద్దుటి జోరు లేదు. "కడిగింది, సరే. మరి ఈ బిళ్ళ నకిలీ గాదంటవా? అంచు చూడు."

సుభాని భూతద్దం పెట్టి చూశాడు. మతీన్ చెప్పింది నిజమే. బిళ్ళ మీద ఒక కిరీటం, దాని చుట్టూ జర్మన్ అక్షరాలు. అంచు పొడుగునా ఇత్తడి పూత లేచిపోయి, కింద బూడిదరంగు జింకు బయటపడింది. అసలు ఇత్తడిని చింతపండు మెరిపిస్తుంది. పూతనైతే ఒలిచేస్తుంది. అక్షరాల సందుల్లో చింతపండు పీచు ఎండిపోయి ఇంకా అలాగే ఉంది.

"నకిలీనే," అన్నాడు సుభాని. "కాని ఆమె తోమింది దీన్నే. పీచు చూశావా? తోమిన తర్వాత ఎవరూ మార్చలేదు."

"ముందుగాల మార్చి, ఆనక తోమింది. తెలివిగల్లది."

"తెలివిగలది అయితే నకిలీని చింతపండుతో తోమి తనే బయటపెట్టుకుంటుందా?"

"నీ జిల్లా మనిషని వెనకేసుకొస్తున్నవ్."

"పొద్దున వెనకేసుకు రానందుకు సిగ్గుపడుతున్నాను," అన్నాడు సుభాని. ఆ మాట గట్టిగానే అన్నాడు.

సుభాని మళ్ళీ భూతద్దంలోకి వంగాడు. కిరీటానికి ఎడమపక్కన ఆవగింజలో సగమంత పొక్కు ఒకటి కనిపించింది. అది చూడగానే ఈ ఇంటికి రాగానే రషీద్ తనకు చెప్పిన పాఠం గుర్తొచ్చింది. కైజర్ల టంకశాలలో పతకాన్ని అచ్చుతో గుద్దేవారు, కాబట్టి ఉపరితలం నున్నగా ఉంటుంది. దొంగపతకాన్ని కరిగించి పోత పోస్తారు, కాబట్టి గాలి బుడగల పొక్కులు వస్తాయి. ముసలాయన ఎంత ఉత్సాహంగా చెప్పాడో! ఈ బిళ్ళ సంగతి కూడా అప్పుడే చెప్పాడు. పన్నెండేళ్ళు మచ్చ లేకుండా కొలువు చేసిన సిపాయికి ఇచ్చేదట. కిరీటం చుట్టూ ఉన్న జర్మన్ మాటల్ని ఆయన కళ్ళు మూసుకుని మంత్రంలా పలికాడు. "ట్రోయె డీన్‌స్టె. నమ్మకమైన కొలువు అని అర్థం. నేను దీన్ని మెడల్ అనను సుభానీ, ఆ పేరుతోనే పిలుస్తాను."

మజ్లిస్ గోడమీద మ్యూనిక్ సన్మానం ఫోటో ఉంది. రషీద్ నిలబడి ఉన్నాడు. ఆయన వెనక తెరమీద అదే బిళ్ళ, మనిషంత పెద్దది చేసి చూపించారు. సుభాని కుర్చీ లాక్కుని ఎక్కి, ఫోటో మీద భూతద్దం పెట్టాడు. చాలాసేపు దిగలేదు.

దిగాక, "పెద్దాయనతో ఒంటరిగా మాట్లాడాలి," అన్నాడు.

రషీద్ తన పుస్తకాల గదిలో జపమాల తిప్పుకుంటూ కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటినా నిటారుగా కూర్చునే మనిషి, ఆ పూట మాత్రం భుజాలు కుంగి ఉన్నాయి. సుభాని తలుపు దగ్గరికి వేసి, ఇంగ్లీషులో మెల్లగా మొదలుపెట్టాడు.

"సార్, మ్యూనిక్ ఫోటో ఎప్పటిది?"

"పదిహేనేళ్ళయింది. ఎందుకు?"

"రహమత్బీ మీ ఇంటికొచ్చి పన్నెండేళ్ళు. ఆ ఫోటోలో తెరమీది బిళ్ళకి కిరీటం పక్కన చిన్న పొక్కు ఉంది. ఇవాళ ట్రేలో ఉన్న బిళ్ళకీ అక్కడే, అంతే పొక్కు ఉంది. మీ పట్టీని ఎవరూ మార్చలేదు. మీరు కొన్ననాడే అది నకిలీ. ఎవడో దొరికిన పతకాలు కలిపి కుట్టి, మీకు సార్జంటు కథ అమ్మాడు."

జపమాల ఆగింది. ముసలాయన వాదించలేదు, కోపగించలేదు. సుభాని అనుమానించిందే నిజమైంది.

"మీకు ముందే తెలుసు," అన్నాడు.

"గురువారం ట్రే తెరవగానే తెలిసింది." అన్నాడు రషీద్. "ఆ బూడిదరంగు కనబడింది. ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ నకిలీని ఎలా పట్టాలో పాఠాలు చెప్పినవాణ్ణి. పక్కనే నా కొడుకు నిలబడి ఉన్నాడు. ఏమైంది నాన్నా అన్నాడు. వాడి ముందు ఏం చెప్పను? 'ఇది నాది కాదు, ఎవరో మార్చేశారు' అన్నాను. అంతే. వాడు నా చెయ్యి వదిలి ఫోన్ అందుకున్నాడు."

"మీరు అప్పుడైనా ఆపలేదు."

"ఆపితే నేనేమిటో చెప్పాలి."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. పొద్దున తన నోరూ జారింది కాబట్టి సుభానికి ముసలాయన మీద అనుకున్నంత కోపం రాలేదు. ఇద్దరికీ ఒకే జబ్బు, డిగ్రీలే తేడా అనుకున్నాడు. కాని ఇద్దరి సిగ్గుకూ మూల్యం చెల్లించబోయేది వంటింట్లో నిలబడ్డ మనిషి. దొంగతనం కేసు పడితే ఎల్లుండి విమానం మాట అటుంచి, ఆమె ఏ ఏడు ఊరి మొహం చూస్తుందో ఎవరూ చెప్పలేరు.

"మగ్రిబ్‌కి పోలీసులొస్తారు. అంతకుముందే మీ కొడుక్కీ మతీన్‌కీ మీరే నిజం చెప్పాలి. నేను చెబితే అది మిమ్మల్ని పట్టుకోవడం అవుతుంది. మీరు చెబితే మీ పెద్దరికం."

రషీద్ రెండు చేతులతో సుభాని చెయ్యి పట్టుకున్నాడు. "చెప్తాను. కాని నీ ముందర కాదు. పరాయివాడి ముందర నా కొడుకు దగ్గర తలవంచుకోలేను. అజాన్ వినబడేదాకా నన్ను వదిలెయ్."

అప్పుడు సుభాని చేసిన పొరపాటు డిటెక్టివులు చేసేది కాదు, మర్యాదస్తులు చేసేది. ముసలాయన కన్నీళ్ళు చూసి తల దించుకుని, మతీన్‌తో మాటైనా చెప్పకుండా బయటికి వచ్చేశాడు.

కారులో కూర్చుని ఆఫీసుకు ఫోన్ చేశాడు. పొద్దున తను చెప్పింది తప్పని, పనిమనిషి ఏ నేరమూ ఒప్పుకోలేదని చెప్పాడు. అవతల మేనేజరు "సుభానీ, నీకు తెలుగు వచ్చా రాదా?" అన్నాడు. ఆ మాట సూదిలా గుచ్చుకుంది. అయినా మనసు కాస్త తేలికపడింది. లోపల ముసలాయన మాట్లాడుతుంటాడు, రహమత్బీ సూట్‌కేసు సర్దుకుంటుంటుంది అనుకున్నాడు.

అజాన్ వినబడగానే లోపలికి నడిచాడు.

సూట్‌కేసు నిజంగానే సర్ది ఉంది. తాళం కూడా వేసి ఉంది. రహమత్బీ నల్ల అబాయా వేసుకుని మజ్లిస్ మధ్యలో నిలబడి ఉంది. ఆమె ఎదురుగా మతీన్ ఫోన్ కెమెరా పట్టుకుని ఉన్నాడు. పుస్తకాల గది తలుపు సగం తెరిచి ఉంది.

"రా భాయ్," అన్నాడు మతీన్. "నువ్వు బయటికి పోంగనే ఆమె పెద్దసాబ్‌తోని మాట్లాడింది. ఇప్పుడు మల్ల చెప్తదట, సాఫ్ సీదా. నీకు గావాల్సిన సవాలే నేను అడుగుత. ఏం తీసినవమ్మా?"

రహమత్బీ సుభాని వైపు చూడలేదు. ఆమె ఎడమచెయ్యి అబాయా మడతల్లో దేన్నో గట్టిగా పట్టుకుని ఉంది. సుభాని ఆ మడతల్లోంచి తొంగిచూస్తున్న నీలిరంగు అట్ట చూశాడు. భారత పాస్‌పోర్టు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజునుంచీ అది ఆమెను పనికి పిలిపించుకున్న కఫీల్ రషీద్ బీరువాలో ఉంది.

"అక్కా, అది నీ చేతికి ఎవురిచ్చినారు?"

"నాదే గదబ్బీ," అంది ఆమె మెల్లగా. "ఊరికి పోయే ఖురూజ్ వీసా కూడా కొట్టిచ్చినారంట. ఎల్లుండి పోవచ్చునంట. మనవరాలు నడుస్తాండాది, ఇంతవరకూ ఫోన్లోనే చూస్తి."

"ఈ మాట రికార్డయితే నిన్ను విమానం ఎక్కనియ్యరు. నేరుగా జైలుకే. నీకు చెప్పింది అబద్ధం అక్కా!"

"బాబా అబద్ధం చెప్పడబ్బీ. పన్నెండేండ్లు ఉప్పు తిన్న్యా."

"నడుమల రాకు భాయ్. రికార్డింగ్ నడుస్తున్నది," అన్నాడు మతీన్. "చెప్పమ్మా. ఏం తీసినవ్?"

రహమత్బీ కళ్ళు మూసుకుని, అప్పజెప్పే పాఠంలా పలికింది.

"ట్రోయి డీన్సు. ట్రోయి డీన్సు నేనే దొంగిలించినా."

వంటింట్లో ఆమె నోట అది ఇత్తడి బిళ్ళ. మతీన్‌కి మెడల్. ఆ పేరుతో దాన్ని పిలిచే నోరు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. సుభాని గిరుక్కున తిరిగాడు. సగం తెరిచిన తలుపు వెనక రషీద్ నిలబడి ఉన్నాడు. చేతిలో జపమాల ఉంది, చూపు తివాచీ మీద ఉంది. సుభాని చూస్తుండగానే తలుపు నెమ్మదిగా మూసుకుంది.

బయట వాకిట్లో కారు తలుపులు రెండు దభీమని పడ్డాయి. మతీన్ ఫోన్ జేబులో పెట్టుకుని గేటువైపు నడిచాడు. రహమత్బీ పాస్‌పోర్టును ఇంకా గట్టిగా అదుముకుని, ఇద్దరే ఉన్నారని చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"అబ్బీ, బాబా చెప్పమన్న్యాడని చెప్పినా గానీ, ట్రోయి డీన్సు అంటే ఏంది?"

సుభానికి ఆ మాట అర్థం తెలుసు. చెప్పలేకపోయాడు.